దుబ్రోవ్నిక్‌ను కాపాడిన కట్టుబాట్లు

ఈ స్మారకోపన్యాసం ఏ ఆచార్యుల పేరిట జరుగుతోందో, వారు పట్టణాల చరిత్రను రాజుల వరుసలో కాక నీటి కాలువల్లో, వైద్యశాలల్లో, దస్తావేజుల్లో వెతకమని విద్యార్థులకు చెప్పేవారు. ఆ మాటకు నిలువెత్తు సాక్ష్యం క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్.

ఏడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున తెల్లరాతి పట్టణమిది. చుట్టూ దాదాపు రెండు కిలోమీటర్ల కోటగోడ, లోపల ఎర్రపెంకుల ఇళ్లు, నడుమ తరతరాల పాదాల రాపిడికి నునుపెక్కిన స్త్రాదున్ వీధి. యాత్రికుల చూపు ముందుగా గోడ మీదే నిలుస్తుంది. కానీ 1358లో వెనిస్ పెత్తనం వదిలించుకున్న అప్పట్లో రగూసా అని పిలిచే ఈ పట్టణ గణతంత్రం, 1808లో నెపోలియన్ సేనాని రద్దు చేసేదాకా బతికింది ప్రధానంగా కట్టుబాట్ల బలంతో, రాజనీతితో. ఒట్టోమన్ సుల్తానుకు ఏటా కప్పం కట్టి, బాల్కన్ వ్యాపారాన్ని నిలుపుకుంది.

ఇక్కడి పాలకుడైన రెక్టర్ పదవీకాలం ఒక్క నెల. ఆ నెలంతా రాచకార్యానికి తప్ప భవనం దాటకూడదు. సొంత పనులు మరచి ప్రజల పనులు చూడండన్న లాటిన్ హెచ్చరిక మహాసభ ద్వారం మీద చెక్కి ఉండేది. అయితే ఆ సభలో కూర్చునే హక్కు ప్రభువంశాల మగవారికే దక్కింది.

ప్లేగు యూరప్‌ను ఊడ్చేస్తున్న కాలంలో, 1377లో మహాసభ ఓ శాసనం చేసింది. రోగమున్న ప్రాంతాల నుంచి వచ్చేవారు పక్కనున్న మ్రకాన్ దీవిలోనో, త్సావ్‌తాత్ ఊళ్లోనో 30 రోజులుండి ఆ తరవాతే పట్టణంలోకి రావాలి. రేవులు మూసేయకుండానే రోగాన్ని ఆపే ఉపాయమిది. కరోనా రోజుల్లో తెలుగు పల్లెల బడుల్లో బయటినుంచి వచ్చినవారిని విడిగా ఉంచడానికి మూలసూత్రం ఇదే. 17వ శతాబ్దంలో పూర్తయిన లాజరెట్టి అనే విడిది భవనాలు రేవు దగ్గర నేటికీ ఉన్నాయి.

ఫ్రాన్సిస్కన్ మఠంలో 1317లో వెలసిన మందుల దుకాణం, 1416లో బానిస వ్యాపారంపై నిషేధం, 1438 నాటికి ఒనోఫ్రియో అనే ఇటలీ ఇంజనీరు దాదాపు 12 కిలోమీటర్ల దూరం నుంచి తెచ్చిన ఊటనీరు ఆ పాలనాదృష్టికి మరికొన్ని గుర్తులు.

1667 భూకంపం వేలమందిని పొట్టనబెట్టుకుంది. స్పోంజా భవనం తట్టుకుంది. గణతంత్రపు దస్తావేజులు ఇప్పుడు అందులోనే ఉన్నాయి. ఆ భూకంపం తరవాత స్త్రాదున్‌కు ఇరువైపులా కింద దుకాణం, పైన నివాసంగా ఒకే తీరు ఇళ్లు లేచాయి. 1979లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అయినా 1991 డిసెంబరు 6న ఆ పాత పట్టణంపైనే ఫిరంగి గుండ్లు కురిశాయి. కమ్మరులు, రాతిపనివారు, పెంకులు నేసేవారు దాన్ని మళ్లీ నిలబెట్టారు.

ఇప్పటి ముప్పు యాత్రికుల రద్దీ. అద్దె గదుల కోసం ఇళ్లు ఖాళీ అవుతున్నాయి, గోడల లోపల కాపురాలు తగ్గిపోయాయి. అందుకే పట్టణం విహారనౌకల రాకకు పరిమితి పెట్టింది. అక్కడికి వెళ్లే తెలుగువారు గోడమీద నడకతో తృప్తిపడి తిరిగి రాకండి. లాజరెట్టినీ, స్పోంజానూ చూడండి. వీలైతే ఆ ఊళ్లోనే ఒక రాత్రి ఉండండి, అక్కడి మనుషులతో మాట్లాడండి.