పూర్ణఘటము

బాలునకు రాష్ట్రమును పరిచయము చేయుటకు ముందుగా ప్రభుత్వపత్రముల శిరముననున్న పూర్ణఘటమును చూపుడు. దాదాపు రెండువేల యేండ్ల క్రిందట అమరావతి శిల్పులు స్తూపఫలకములపై మలచిన కుండ యది. దాని నోట పద్మములు విరిసియుండును. ఆ ఫలకములలో పెక్కులు నేడు చెన్నపట్టణమునను లండనునను గలవు. ఇంటి శిల్పమును చూడ బిడ్డ సముద్రము దాటవలసివచ్చుట చిన్న వెలితి కాదు. అమరావతి ప్రదర్శనశాలలో మిగిలినవానినైనను చూపుడు.

2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట పాలపిట్ట తెలంగాణమునకు నిలిచెను. 2018లో ఆంధ్రప్రదేశమునకు రామచిలుక, మల్లె, వేప, కృష్ణజింక చిహ్నములైనవి. జింక మాట యెట్లున్నను తక్కినవి పల్లె పెరటిలోనివే; వానికి పుస్తకమక్కఱలేదు.

కుండలోని నీరెక్కడిదని బాలుడడుగును. విజయవాడకు కొనిపొండు. 1855 నాటి ఆనకట్టకు బదులుగా 1957లో వెలసిన ప్రకాశం బ్యారేజిపై నిలిపి, కాలువలెటు పోవుచున్నవో చూపుడు. మిగిలిన కృష్ణ హంసలదీవి కడ కడలిని గలియు దారిని, ఇంటికి వచ్చిన పిదప, పటముపై వాని వ్రేలితోనే గీయింపుడు.