గ్యాస్‌కి జల్లెడ: రెండు పాలిమర్లు ఎందుకు కలుపుతారు?

ఇవాళ్టి టాపిక్ పాలిమర్ బ్లెండ్ మెంబ్రేన్. పేరు విని స్కిప్ చేయకండి, ఇది మన డెల్టా కింద ఉన్న గ్యాస్ సంగతే.

2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైన్ పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. నీరు కలిసిన గ్యాస్ వెళ్లడం వల్ల పైపుని లోపల తుప్పు తినేసిందని విచారణలో తేలింది.

బావిలోంచి మీథేన్ ఒక్కటే రాదండి. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి కూడా వస్తాయి. ఆ రెండూ కలిస్తే కార్బోనిక్ యాసిడ్. గోళీ సోడాలో ఉండేది అదే. మనకి బాగుంటుంది గానీ, స్టీలు పైపుని తినేస్తుంది. అందుకే పైపులోకి పంపేముందే రెండూ తియ్యాలి. నీళ్లు తియ్యడానికి వేరే యూనిట్ ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ తియ్యడానికి మెంబ్రేన్ ఒక దారి.

మెంబ్రేన్ అంటే పల్చటి పాలిమర్ పొర. మీథేన్ అణువు సైజు 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లు, కార్బన్ డయాక్సైడ్‌ది 3.3. చిన్నది, పైగా పాలిమర్‌లో బాగా కరుగుతుంది. ఒత్తిడి పెడితే అదే ముందు దాటేస్తుంది, మీథేన్ ఇవతలే మిగులుతుంది.

చిక్కెక్కడంటే, గ్యాస్‌ని స్పీడుగా వదిలే పాలిమర్ మీథేన్‌ని కూడా వదిలేస్తుంది. మీథేన్‌ని బాగా ఆపేదేమో మరీ స్లో. రోబ్సన్ అనే శాస్త్రవేత్త 1991లో ఈ హద్దుని గ్రాఫ్‌గా గీశాడు, 2008లో సవరించాడు.

ఆ హద్దు దగ్గరికి వెళ్లడానికే బ్లెండింగ్. సెల్యులోజ్ ఎసిటేట్‌ని 1980ల నుంచే గ్యాస్ ప్లాంట్లలో వాడుతున్నారు. పాలీఇథిలీన్ గ్లైకాల్‌కి కార్బన్ డయాక్సైడ్ అంటే మహా ఇష్టం, కానీ ఒంటరిగా గట్టి పొరగా నిలబడలేదు. రెండూ కలిపితే ఒకటి బలం ఇస్తుంది, ఇంకోటి కార్బన్ డయాక్సైడ్‌ని లాగుతుంది. కొత్త పాలిమర్ తయారు చేయడం కన్నా ఇది చవక. సరిగ్గా కలవకపోతే మాత్రం సందుల్లోంచి మీథేన్ జారిపోతుంది. డబ్బూ పోతుంది, వాతావరణమూ వేడెక్కుతుంది.

"కొత్త మెంబ్రేన్ అదుర్స్" అని వార్త కనిపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. విడి గ్యాస్‌లతో కాకుండా కలిసిన గ్యాస్‌తో టెస్ట్ చేశారా? ఎక్కువ ఒత్తిడిలో పొర ఉబ్బిపోయిందా? తేమలో ఎన్నాళ్లు నిలబడింది?

ఎంత మంచి మెంబ్రేన్ అయినా నీళ్లు తీసే యూనిట్‌కి బదులు కాదు. మీ ఊరి పక్క నుంచి పైపులైన్ వెళ్తుంటే, అందులోకి వచ్చే గ్యాస్‌ని ఎక్కడ శుభ్రం చేస్తున్నారో అడగడం మన హక్కు.