జామీను తొలగినచోట సిఫారసు

(మైనారిటీ యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్త ఆలోచన గల యువతకు ఇతర దేశాలలో పెట్టుబడి ఎలా లభిస్తున్నదో వివరించమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము ఆర్థికవేత్తలము కాము. మూడు దశాబ్దాలకు పైగా ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్లు నడిపినవారము. స్వయం ఉపాధి రుణాల దరఖాస్తులు మా బల్ల మీదుగా వెళ్లేవి. దరఖాస్తుదారు పనిమంతుడని అందరికీ తెలిసినా, జామీను నిలిచే ప్రభుత్వోద్యోగి దొరకలేదన్న కారణంతో ఎన్నో ఫైళ్లు మూతపడ్డాయి. ఆ మాటను ఫైలుపై వ్రాసిన చేతులు మావే. అందుకే, జామీను అడగని పెట్టుబడి ఒకటి ఉన్నదని విన్నప్పుడు దానిని గురించి శ్రద్ధగా చదివాము. బ్రిటన్‌లో అది నడిచే తీరును మాత్రమే ఈనాడు మీ ముందుంచుతాము.

సాంకేతిక రంగంలో అప్పుడే మొలకెత్తిన కంపెనీలకు తొలి సొమ్ము సమకూర్చే చిన్న సంస్థలు బ్రిటన్‌లో అనేకం ఉన్నాయి. వాటిని వెంచర్ క్యాపిటల్ సంస్థలు అంటారు. అటువంటి సంస్థలో పనిచేసేవారు పదిమందికి మించకపోవచ్చు. వారు పెట్టే సొమ్ములో అధిక భాగం వారిది కాదు. పింఛను నిధులు, సంపన్న కుటుంబాలు, ప్రభుత్వ సంస్థలు వారికి అప్పగించినది. నిధి ఆయుష్షు సాధారణంగా పదేళ్లు. ఏటా సుమారు 2 శాతం ఖర్చులకు, చివర లాభంలో 20 శాతం నిర్వాహకులకు దక్కడం ఆ వృత్తిలో వాడుక. ఆ లెక్కన 2 కోట్ల పౌండ్ల నిధిలో పదేళ్లకు 40 లక్షలు ఖర్చులకు పోగా, కంపెనీలకు చేరేది కోటీ 60 లక్షలు.

ఆ సొమ్ము అప్పు కాదు. వడ్డీ లేదు, వాయిదా లేదు, తాకట్టు లేదు. 2 లక్షల పౌండ్లు ఇచ్చి కంపెనీలో పదో వంతు వాటా తీసుకున్నారనుకుందాము. కంపెనీ మునిగితే ఆ 2 లక్షలూ మునుగుతాయి. స్థాపకుని ఇల్లు వేలానికి రాదు. సొమ్ము ఒకరిది, శ్రమ మరొకరిది, లాభం ఇద్దరిదీ అన్న ముదారబా పద్ధతి మన పెద్దలకు తెలిసినదే. రెండూ ఒకటేనని మేము అనము. పోలిక ఉన్నదని మాత్రం అంటాము.

అయితే ఒక హెచ్చరిక. పది కంపెనీలలో ఎక్కువ భాగం మునుగుతాయని ఈ పెట్టుబడిదారులకు ముందే తెలుసు. ఒకటి రెండు తెచ్చే లాభమే మిగిలిన నష్టాలన్నింటినీ పూడ్చాలి. కనుక వారు వెదికేది నిలకడగా నడిచే దుకాణాన్ని కాదు, ఎన్నో రెట్లు పెరగగల కంపెనీని. మంచి వ్యాపారమైనంత మాత్రాన ఈ సొమ్ముకు తగినది కాబోదు.

ఒక నిజమైన ఉదాహరణ చూద్దాము. సాల్ క్లైన్, రేష్మా సోహోనీ తదితరులు 2007లో లండన్‌లో సీడ్‌క్యాంప్ అనే చిన్న సంస్థను నెలకొల్పారు. 2011లో ఇద్దరు ఎస్తోనియా యువకులు లండన్‌లో ట్రాన్స్‌ఫర్‌వైజ్ ప్రారంభించారు. ఒకరికి జీతం యూరోలలో, ఖర్చు పౌండ్లలో. మరొకరికి జీతం పౌండ్లలో, స్వదేశంలోని ఇంటి అప్పు యూరోలలో. బ్యాంకులకు రుసుము చెల్లించడం మాని ఇద్దరూ తమలో తాము మార్చుకున్నారు. గల్ఫ్ నుండి బిడ్డలు పంపే సొమ్ములో కోత ఎంత పడుతుందో ఎరిగిన మన కుటుంబాలకు ఆ ఆలోచన విలువ వేరే చెప్పనక్కరలేదు. సీడ్‌క్యాంప్ తొలి దశలోనే అందులో పెట్టుబడి పెట్టింది. ఇప్పుడు వైజ్ అనే పేరు గల ఆ కంపెనీ 2021 జూలైలో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైననాడు దాని విలువ 800 కోట్ల పౌండ్లకు చేరింది.

ఆ ఇద్దరిలో ఒకరు స్కైప్‌లో తొలినాటి ఉద్యోగి. సాల్ క్లైన్ కూడా స్కైప్‌లో పనిచేసినవారే. మేము వారి ప్రతిభను తక్కువ చేయము. కాని ఒకే కంపెనీలో పనిచేసినవారికి ఒకరి పేరు మరొకరికి తెలిసి ఉండడం సహజం. ఈ రంగంలో తెలిసినవారి ద్వారా వచ్చిన పరిచయానికి ఎంతో విలువ ఉన్నది. మన కార్యాలయ భాషలో దానిని సిఫారసు అంటారు. జామీను తొలగినచోట సిఫారసు వచ్చి కూర్చున్నది.

ఫలితమేమిటో బ్రిటన్‌వారే లెక్కవేశారు. ప్రభుత్వానికి చెందిన బ్రిటిష్ బిజినెస్ బ్యాంక్ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రతి పౌండు వెంచర్ పెట్టుబడిలో 89 పెన్నీలు పురుషులే స్థాపించిన కంపెనీలకు, 10 పెన్నీలు స్త్రీ పురుషులు కలిసి స్థాపించినవాటికి దక్కాయి. స్త్రీలే స్థాపించినవాటికి దక్కినది ఒక్క పెన్నీ కంటే తక్కువ. ఎక్స్‌టెండ్ వెంచర్స్ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2009 నుండి 2019 వరకు నల్లజాతి స్థాపకులకు చేరినది 0.24 శాతం. 2011 జనాభా లెక్కలలో ఇంగ్లండ్, వేల్స్‌లలో వారి వాటా 3.3 శాతం.

ప్రైవేటు సొమ్ము, వారి ఇష్టమని కొందరు అంటారు. ఆ వాదం నిలువదు. 2012 నుండి అమలులో ఉన్న సీడ్ ఎంటర్‌ప్రైజ్ ఇన్వెస్ట్‌మెంట్ స్కీం కింద, అర్హత గల కొత్త కంపెనీలో వాటా కొన్న వ్యక్తికి పెట్టుబడిలో 50 శాతం ఆదాయపు పన్నులో తగ్గుతుంది. లక్ష పౌండ్లు పెట్టినవానికి 50 వేలు ఖజానాయే వదులుకుంటున్నది. చిన్న నిధులలో ప్రభుత్వపు సొమ్ము కూడా బ్రిటిష్ బిజినెస్ బ్యాంక్ ద్వారా చేరుతున్నది. ఆ ఖజానా టాక్సీ నడిపేవానిది, ఆసుపత్రిలో నేల తుడిచే తల్లిది కూడా. ప్రజల సొమ్ము చేరిన ప్రతిచోటా, అది ఎవరికి దక్కినదని అడిగే హక్కు ప్రజలకున్నది.

గుమాస్తాగా మేము నేర్చిన పాఠం ఒక్కటే. రిజిస్టరులో గడి లేని అన్యాయం పై అధికారికి కనబడదు. ఫలానావారికి అందలేదని నోటితో చెబితే ఫిర్యాదు అంటారు. గడిలో అంకె చూపితే జవాబు చెప్పక తప్పదు. మన దేశంలో ముస్లిములకు బ్యాంకు రుణాలు అరకొరగా అందుతున్నాయన్న మాట 2006 నాటి సచార్ కమిటీ నివేదికలో అంకెలుగా నిలిచిన తరువాతనే ఎవరూ తోసిపుచ్చలేకపోయారు. పైన చెప్పిన బ్రిటన్ నివేదికల అంకెలు స్త్రీలను గూర్చి, నల్లజాతివారిని గూర్చి మాట్లాడాయి. అక్కడి ముస్లిములకు ఎంత దక్కినదో అవి చెప్పవు. అక్కడ స్థిరపడిన మన బిడ్డలు మొదట అడగవలసినది ఆ గడినే.

యువకులారా, ఒప్పందంపై సంతకం చేసే ముందు ఎంత వాటా పోతున్నదో, తరువాతి విడతలలో ఇంకెంత తరుగుతుందో కాగితంపై లెక్క వేసుకోండి. పైకి వచ్చినవారు మరొకరికి సిఫారసు చేయడంతో సరిపెట్టక, సిఫారసు లేనివాని దరఖాస్తు కూడా తెరిచి చదవండి. ఒకనాడు చదవకుండానే ఫైళ్లు మూసిన కార్యాలయంలో పనిచేసినవారము కనుక ఈ మాట అడుగుతున్నాము.

సెలవు. ఖుదా హాఫిజ్.