పాత ఫోర్డుబండి వెనుక ఇరుసు

మోటారుబండిని చూడవచ్చిన వారందఱును ముందుభాగమున నున్న ఇంజనును గూర్చియే అడుగుదురు. దానికి ఎన్ని గుఱ్ఱముల బలము కలదు, గంటకు ఎన్ని మైళ్ళు పోగలదు అని విచారింతురు. వెనుక చక్రముల నడుమ దుమ్ముకొట్టుకొని యుండు ఇనుపగుండు వంక ఎవరును చూడరు. పాత బండ్లను విప్పి, కడిగి, మరల కూర్చుట నా వృత్తి. ఆ వృత్తిలో నేను నేర్చిన దానిలో ముఖ్యమైనది ఆ గుండులోనే యున్నది. కావున నేడు దానిని గూర్చియే పెద్దలకు మనవి చేయదలచితిని.

నేను చెప్పబోవునది ఫోర్డు టి అను బండి సంగతి. ఇది 1908లో అమెరికాలోని డిట్రాయిటు నగరమున పుట్టినది. 1927లో నిర్మాణము నిలుపు నాటికి సుమారు 1,50,00,000 బండ్లు తయారైనవి. మన దేశమునకును వచ్చినవి. ఇప్పటికిని కొన్ని యిండ్లలో తాతలనాటి సొత్తుగా నిలిచియున్నవి.

మన ఎడ్లబండిలో ఇరుసు తిరుగదు. చక్రములే దాని కొనలపై తిరుగును. కనుక మలుపున వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును దేనికది పోవును. ఎడ్లు లాగునది బండిని గాని చక్రమును గాదు. మోటారుబండిలో అట్లు కాదు. ఇంజను చక్రమునే త్రిప్పవలెను గనుక చక్రము ఇరుసుకడ్డీకి బిగింపబడియుండును, కడ్డీయే తిరుగును. రెండు చక్రములను ఒకే కడ్డీకి బిగించినచో మలుపున ఒకటి నేలపై ఈడ్వబడును. అందుచే కడ్డీని రెండు ముక్కలు చేసి, నడుమ పండ్లచక్రముల కూర్పు నొకదానిని అమర్చిరి. దానిని డిఫరెన్షియలు అందురు. ఇంజనునుండి వచ్చు పొడవాటి కడ్డీ చివర 11 పండ్ల చిన్నచక్రము కలదు. అది 40 పండ్ల పెద్దచక్రమును త్రిప్పును. ఇవన్నియు ఆ గుండులో దాగియున్నవి.

ఇక బ్రేకు మాట. నేటి బండ్లలో బ్రేకు చక్రముల కడనే పట్టుకొనును. ఈ పాతబండిలో కాలితో త్రొక్కు బ్రేకు ఇంజను వెనుకనున్న పెట్టెలో పట్టును. ఆ పట్టు పొడవాటి కడ్డీ గుండ వచ్చి, చిన్నచక్రము దాటి, పెద్దచక్రము దాటి, పిమ్మట గాని బండిచక్రములకు అందదు. నడుమనున్న ఆ పండ్లు విడిపోయినచో బ్రేకు త్రొక్కిన కడ్డీ నిలుచును గాని బండి నిలువదు. వెనుకకు నడుపు పెడలును ఆ పండ్ల మీదుగనే పనిచేయును గనుక అదియు అక్కఱకు రాదు. చేతిబ్రేకు మాత్రము వెనుక చక్రముల డ్రమ్ములను పట్టును. అయితే అది నిలిచిన బండిని కదలనీయకుండుటకు ఏర్పడినది. వాలున పరుగెత్తు బండిని ఆపుటకు చాలదు.

పండ్లు విడిపోకుండ కాచునవి కొన్ని వాషరులు. చిన్నచక్రము తిరుగునపుడెల్ల పెద్దచక్రమును ప్రక్కకు నెట్టుచుండును. ఆ ఒత్తిడిని భరించుటకు ఇరుప్రక్కల మూడేసి వాషరులుండును. రెండు ఉక్కువి, నడిమిది బాబిట్ అను మెత్తని తెల్లని మిశ్రలోహముతో చేసినది. క్రొత్తలో అది తన పని తాను చేసెను. కాని దాదాపు నూఱేండ్ల వయసున అది పెళుసై పగులును, పగిలి పిండియగును. అప్పుడు పెద్దచక్రము ప్రక్కకు జరుగును. అట్లు జరుగుటకు ముందు బండి ఎట్టి హెచ్చరికయు చేయకపోవచ్చును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పెద్దమనిషి తమ తాతగారి బండిని నాకు చూపిరి. మనుమని పెండ్లి కొండమీది గుడిలో జరుగనున్నది. వధూవరులను ఆ బండిలో క్రిందికి దింపవలెనని వారి కోరిక. వెనుక చక్రము వద్ద నూనె కారుచున్నది, దానిని మాత్రము ఆపుమనిరి. “అయ్యా, ఇరుసు విప్పి చూడవలెను” అని నేనంటిని. “నడుచుచున్న బండిని విప్పుట యెందుకు నాయనా? మొన్ననే ఒకరు బాగుచేసిరి గదా” అని వారనిరి. బ్రేకు సంగతి విప్పి చెప్పిన మీదట ఒప్పుకొనిరి.

ముందుచక్రములకు అడ్డుదుంగలు వైచి, వెనుకభాగమును జాకీతో లేపి, చట్రము క్రింద దిట్టమైన కొయ్యదిమ్మలను నిలిపితిమి. జాకీ నొక్కదానిని నమ్మి బండిక్రింద దూరరాదు. చక్రపు నట్టు కదలకుండ గ్రుచ్చిన చీలను తీసి, నట్టు విప్పితిమి. ఏండ్ల తరబడి బిగిసిన చక్రమును పుల్లరుతో లాగవలెనే గాని కడ్డీ కొనపై సుత్తితో మోదరాదు. ఆ దెబ్బ లోపలి వాషరులకు తగులును. పిమ్మట బ్రేకు కడ్డీలను, అడ్డముగా నున్న కమాను కట్టును, ముందువైపు కీలును విడదీసి ఇరుసును వెనుకకు లాగితిమి. నడిమి బోల్టులు విప్పగా గుండు రెండు చిప్పలుగా విడిపోయినది.

ఇచ్చట తొందరపడువారు వెంటనే కిరసనాయిలు పోసి కడుగుదురు. కడుగుటకు ముందు చూడవలెను. నల్లని కందెనను వ్రేళ్ళ నడుమ నలిపి చూచితిని. వెండిరంగు పొలుకులు మెఱసినవి. గుడ్డలో వడియగట్టగా చేతికి మూడు ముక్కలు తగిలినవి. అవి కలిసిన ఒక వాషరు. పెద్దచక్రమును చేతితో త్రోసినంతనే ప్రక్కకు జరిగినది. ఆ మూడు ముక్కలను పెద్దమనిషి అరచేతిలో పెట్టితిని. వారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “పెండ్లికి వేఱొక బండి మాటాడుదును. దీనిని నిదానముగా చేయుము” అనిరి.

అటుపిమ్మట కడుగుట. ఇందుకు పెట్రోలు వాడరాదు; దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకొనును. కిరసనాయిలుతో కడిగినను నిప్పును దూరముగా నుంచవలెను. కుంచెతో ప్రతి పంటిసందును, ఇరుసు గొట్టముల లోపలిభాగమును మూడుమార్లు కడిగితిమి. లోహపు పిండి ఏ మూల మిగిలినను తిరిగి బేరింగులలో చేరును. ఈ బండి బేరింగుల రోలర్లు ఉక్కుపట్టీని చుట్టచుట్టి చేసినవి. ఆ చుట్టల సందున మురికి దాగును గనుక వాటిని ఒక్కొక్కటిగా కడిగి ఆరబెట్టితిమి. కుడిప్రక్కవి ఎడమప్రక్కవానితో కలియకుండ వేఱువేఱు పళ్ళెములలో నుంచితిమి.

తెల్లలోహపు వాషరులకు బదులు రెండు ప్రక్కలను కంచు వాషరులు వైచితిమి. పగులనిది గూడ పగిలినదాని వయసుదే గదా! లోపలి బోల్టులను తీగతో కట్టి బిగించితిమి. పండ్ల నడుమ కొంచెము సందు ఉండునట్లును, పూర్తిచుట్టు త్రిప్పినను ఎచ్చటను పట్టకుండునట్లును చూచితిమి. నూనె మితముగా పోసితిమి. ఎక్కువైనచో కడ్డీల వెంబడి పాకి డ్రమ్ములలో చేరి చేతిబ్రేకును జాఱజేయును. కొన్ని మైళ్ళు నడపిన పిమ్మట చక్రపు నట్లను మరల బిగించితిమి. వెనుక చక్రములనే నేరుగ పట్టు బ్రేకులను గూడ అదనముగా అమర్చితిమి. ఆ బండి నేటికిని నడుచుచున్నది.

ఎడ్లబండి ఇరుసునకు ఆముదములో గడ్డిమసి కలిపిన కందెన పెట్టుటకు చక్రమును ఊడదీసినపుడు మన పెద్దలు ఊరకుండలేదు. ఇరుసు ఎంత అరిగినది, చీల వంగినదా యని చూచెడివారు. మోటారుబండికిని, నీటి ఇంజనుకును ఆ చూపే కావలెను. మీ యింట అట్టి పాతబండి యుండినచో, అది ఎంత చక్కగా నడుచుచున్నను ఇరుసు విప్పించి, లోపలి వాషరులు కంచువో కావో మీ కన్నులతో చూచిన పిమ్మటనే పిల్లలను దానిలో ఎక్కింపుడు.