దారిలో పోలీసులున్నారని చెప్పడం సాయమేనా?

ఈ వారం మీ ముందు నా తప్పొకటి ఒప్పుకుందామని వచ్చాను.

కిందటేడాది ఒక శనివారం రాత్రి వెస్ట్‌మీడ్ నుంచి ఇంటికి వస్తున్నాం. మా ఆవిడ నడుపుతోంది, నేను పక్కసీట్లో ఉన్నాను. గ్రేట్ వెస్టర్న్ హైవే మీద పోలీసులు కార్లు ఆపి ఊదిస్తున్నారు. మమ్మల్ని నిమిషంలో పంపించేశారు. నేను వెంటనే ఫోన్లో వేజ్ తెరిచి, అక్కడ పోలీసులున్నారని గుర్తు పెట్టాను. నలుగురికీ పనికొస్తుంది కదా అనుకున్నాను.

మర్నాడు ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "నాలుగు పెగ్గులేసి బయల్దేరాను గురూ! హైవే మీద పోలీసులున్నారని ఎవరో పుణ్యాత్ముడు యాప్‌లో పెట్టాడు. సందుల్లోంచి ఇల్లు చేరాను" అన్నాడు. వెనక సీట్లో వాళ్ళ పాప నిద్రపోతోందట. ఆ పుణ్యాత్ముణ్ణి నేనేనేమో అనడానికి నాకు నోరు రాలేదు.

ఈ తనిఖీలు విక్టోరియాలో 1976లో, మన న్యూ సౌత్ వేల్స్‌లో 1982 డిసెంబరులో మొదలయ్యాయి. అంతకుముందు ఈ రాష్ట్రంలో రోడ్డు మరణాల్లో దాదాపు 40 శాతం మద్యంతో ముడిపడినవే. తర్వాత ఆ వాటా సగానికి పైగా తగ్గింది. పోలీసులు అందరినీ పట్టుకున్నారని కాదు. ఏ మలుపులో ఆపుతారో తెలియని భయంతో జనం ముందే జాగ్రత్తపడ్డారు. యాప్ తీసేసేది ఆ భయాన్నే.

రెండోవైపు వాదన కూడా వినాలి. 2019లో న్యూయార్క్ పోలీసులు ఈ సమాచారం తీసేయమని వేజ్ యజమాని అయిన గూగుల్‌కి ఉత్తరం రాశారు. ముందే తెలిస్తే డ్రైవర్లు మరింత జాగ్రత్తగా నడుపుతారని గూగుల్ జవాబు. వేగం విషయంలో అది నిజమే, కాలు తీస్తే బండి నెమ్మదిస్తుంది. కానీ తాగింది రక్తంలోంచి పోవడానికి గంటలు పడుతుంది. హెచ్చరిక చూసిన తాగుబోతు చెయ్యగలిగింది దారి మార్చడమే. తాగనివాడికి మిగిలేది ఒక్క నిమిషం.

మరి పోలీసులే ముందు చెప్పరా అంటారు. చెబుతారు. లాంగ్ వీకెండ్లలో డబుల్ డీమెరిట్స్ ఉంటాయని ప్రకటిస్తారు. "ఉంటాం" అంటారు గానీ "ఫలానా చోట ఉంటాం" అనరు. కిటుకంతా అక్కడే ఉంది. 2011లో ఆపిల్ కూడా, పోలీసులు స్వయంగా ప్రకటించని తనిఖీ కేంద్రాలను చూపే యాప్‌లను తీసుకోనంది.

మనవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఇక్కడ హద్దు 0.05. లెర్నర్, పీ ప్లేట్ వాళ్ళకి సున్నా. ఇండియాలో 0.03, అంటే ఇంకా తక్కువే. "అక్కడ ఎవరడిగారు" అనే అలవాటు ఇక్కడికి తేకూడదు. 2019 మే నుంచి న్యూ సౌత్ వేల్స్‌లో హద్దు కొంచెం దాటి మొదటిసారి దొరికినా, అక్కడికక్కడే మూడు నెలలు లైసెన్సు పోతుంది. పిల్లల బడి, మన ఉద్యోగం అన్నీ కారు మీదే నడిచే ఇళ్ళు మనవి.

యాప్‌లు రాసే వృత్తిలో ఉన్నవాణ్ణి, యాప్‌ని తిట్టను. గుంత పడినా, కారు ఆగిపోయినా ఇప్పటికీ గుర్తు పెడతాను. ఊదించే చోటు మాత్రం పెట్టను.

వారం తర్వాత ధైర్యం చేసి ఆ మిత్రుడికి నిజం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. మొన్న మా ఇంటి భోజనాలకి మాత్రం పాపని తీసుకుని రైల్లో వచ్చాడు.