ఇరికిన కాగితము



నేడు నేను మాటలాడబూనిన విషయమును వినినచో మీలో కొందఱు నవ్వుదురేమో. శబ్దమంజరియు అమరకోశమును వల్లించి, ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి, నేడు పింఛను పుచ్చుకొనుచున్న పండితుడు లేసరు ప్రింటరును గూర్చి ప్రసంగించుట యేమి యని తోచుట సహజమే. కాని మా చోడవరము చుట్టుప్రక్కల గ్రామములలో ఇప్పుడు ఏ పనికి పోయినను తుదకు ఆ పెట్టె యొద్దకే చేరవలసియున్నది. అడంగలు నకలు, కులధ్రువపత్రము, పిల్లల హాల్‌టిక్కెట్టు, అన్నియు దాని నోటినుండియే రావలెను. 2022 ఏప్రిల్ నెలలో మా ఊరు విశాఖపట్టణము జిల్లానుండి అనకాపల్లి జిల్లాకు మాఱినది. జిల్లా మాఱినను ఈ పెట్టె ముందర నిలుచుట మాత్రము తప్పలేదు. అది మొరాయించిననాడు కూలి మానుకొని వచ్చినవాడు వట్టిచేతులతో ఇంటికి పోవును.

ముందుగా నా తప్పు చెప్పుకొందును. నేను పనిచేసిన యొక పాఠశాలలో కార్యాలయపు గదియందు పాత ప్రింటరొకటి యుండెను. ఒక ఆషాఢమాసమున, వాన పట్టిన దినమున, వృద్ధుడైన రైతొకడు తన మనుమరాలి టీసీ కొఱకు వచ్చెను. గుమాస్తా సెలవులో నుండుటచే నేనే ఆ పనికి పూనుకొంటిని. కాగితము సగము వెలికివచ్చి నిలిచిపోయెను. నేను తొందరపడి బలముగా లాగితిని. పైసగము నా చేతికి వచ్చెను. తక్కినది లోపలనే యుండిపోయెను. ఆ పిదప ఎన్ని కాగితములు పెట్టినను ఒక్కటియు బయటపడలేదు. పాఠశాల పత్రములను బయటి దుకాణములలో ముద్రింపరాదని మాకు కట్టుబాటు. పట్టణమునుండి మరమ్మతు చేయువాడు వచ్చుటకు మూడు దినములు పట్టెను. ఆ వృద్ధుడు మూడుమాఱులు ఆటోలో వచ్చిపోయెను. నాలుగవనాడు పత్రము చేతికందునప్పటికి ఆ బాలిక కోరిన కళాశాలలో చేరుటకు గడువు దాటిపోయెను. ఆయన నన్నొక్క మాటయు అనలేదు. "మిసను పాడైపోతే మీరేటి సేత్తారు బాబూ" అని పత్రమును కండువాలో చుట్టుకొని వెడలెను. మిషను పాడు చేసినవాడను నేనే యని చెప్పుటకు నాకు నోరు రాలేదు.

మరమ్మతు చేయువాడు యంత్రమును తెఱచినప్పుడు నేను ప్రక్కనే కూర్చుంటిని. అతడు చిమటాతో పైకి తీసిన ముక్క బొటనవ్రేలి గోరంత యున్నది. అంత ముక్క మూడు దినముల పనిని ఆపినది. ఆ సిగ్గుతోనే అతనిని ఒక్కొక్కటి అడిగి తెలిసికొంటిని.

లోపలి నడక చెఱకు గానుగ నెఱిగిన మనవారికి సులభముగా బోధపడును. గానుగ రోలరుల నడుమ గడలను ఒకటి రెండుగా నందించినచో సాఫీగా నడుచును. మోపుగా నెట్టినచో నోరు పట్టివేయును. ప్రింటరులోను అంతియే. అడుగున ట్రే యను అఱయందు కాగితములుండును. రబ్బరు రోలరొకటి పైకాగితమును ముందునకు లాగును. దాని క్రింద నున్న చిన్న మెత్త రెండవ కాగితమును వెంట పోనీయక పట్టి యుంచును. పిదప కాగితము డ్రమ్మను గొట్టము క్రిందుగా పోవును. విద్యుత్తు పట్టించిన ఆ డ్రమ్ముపై లేసరు కిరణము అక్షరములను వ్రాయును. టోనరను సన్నని పొడి ఆ వ్రాతకు అంటుకొని, దానినుండి కాగితముపైకి దిగును. తుదకు రెండు వందల డిగ్రీలకు చేరువైన వేడిగల రోలరుల నడుమ ఆ పొడి కరగి కాగితమును పట్టుకొనును. దారిలో అక్కడక్కడ చిన్న మీటలు కలవు. కాగితము వేళకు చేరకున్నను, వేళకు దాటకున్నను ఆ మీటలు తెలుపగా యంత్రము తనంతట నిలిచిపోవును.

పొడితో నకలు తీయు ఈ విద్యను 1938 అక్టోబరు 22న న్యూయార్కు నగరములోని ఆస్టోరియాయందు చెస్టర్ కార్ల్‌సన్ మొదట సాధించెను. ఆనాడు అతడు గాజుపలకనుండి కాగితముపైకి దింపినది ఆ తేదియు ఆ పేట పేరును మాత్రమే. దానికి లేసరును జతపఱచినవాడు జిరాక్సు సంస్థ ఉద్యోగియగు గ్యారీ స్టార్క్‌వెదర్. 1971లో అతడు ఆ సంస్థ వారి పాలో ఆల్టో పరిశోధనాలయమున దానిని నడిపి చూపెను.

ఇక కాగితము ఇరుకుటకు కారణములు. మన ప్రాంతమున మొదటిది చెమ్మ. మా తాతగారు వానకాలమున తాళపత్రగ్రంథములను విప్పనిచ్చెడివారు కారు. కాగితమునకును ఆ గుణమే కలదు. కట్ట విప్పి రాత్రియంతయు ట్రేలో విడిచినచో గాలిలోని తడిని పీల్చి, అంచులు వంగి, ఒకదానికొకటి అంటుకొనును. కావున ఆ పూటకు వలసినంతయే పెట్టి, మిగిలినదానిని దాని చుట్టుకాగితముననే కట్టి, నేలకు ఎత్తుగా బీరువాలో నుంచవలెను. పెట్టుటకు ముందు కట్టను రెండుచేతులతో విసనకఱ్ఱవలె విప్పి, అంచులు సరిచేసి పెట్టిన మేలు. ఒకవైపు వాడిన కాగితములను పొదుపునకై మఱల పెట్టుట మా పాఠశాలలో పెద్ద ఆచారము. ఆ పొదుపులో పిన్ను విఱిగి లోపలపడిన ఉదంతములు నేనెఱుగుదును.

రెండవది ముసలితనము. రబ్బరు రోలరు ఏండ్లు గడచిన కొలది నున్నబడి, కాగితమును పట్టలేక జాఱును. తడిపి పిండిన మెత్తని గుడ్డతో దాని దుమ్మును తుడిచినచో మఱల కొన్నాళ్లు పనిచేయును. కొందఱు గరుకుకాగితముతో రుద్దుదురు. అది నాలుగునాళ్ల ముచ్చట. పిమ్మట కొత్తది వేయవలసినదే. క్రింది మెత్త అరిగినప్పుడు రెండు మూడు కాగితములు కలిసి లోపలికి పోవును. ఈ రెండింటికిని అగు ఖర్చు కొత్త యంత్రపు వెలలో లెక్కకు రాదు. అయినను పెక్కుచోట్ల ఇవి మార్పింపక యంత్రమునే మూల పడవేయుచున్నారు.

ఇరికిన కాగితమును తీయు విధము వినుడు. మొదట స్విచ్చి ఆపి తీగను ఊడదీయవలెను. వేడి రోలరులు చల్లాఱుటకు అరగంట యాగవలెను. ఈ అరగంటయే అందఱికిని కష్టము. ఎదుట మనిషి నిలిచియుండగా ఊరకుండుట నాకును చేతకాలేదు. పిదప ట్రేను పూర్తిగా వెలికి లాగి, పైమూత తెఱచి, టోనరు పెట్టెను మెల్లగా తీసి, దానిపై నల్లగుడ్డ కప్పవలెను. డ్రమ్ము వెలుతురునకు ఓర్వదు. లోపల స్పంజివలె నల్లగా నుండు రోలరును వ్రేళ్లతో తాకరాదు. కాగితమును రెండు అంచులయందును పట్టి, సమముగా, అది నడుచు దిక్కునకే మెల్లగా లాగవలెను. చినిగినచో ముక్కలన్నియు బల్లపై పేర్చి, నిండుకాగితము అయినదో లేదో చూడవలెను. ఒక్క మూల తక్కువైనను అది లోపల నున్నదే. నేనానాడు చేయనిది ఇదియే. పొడి ఒలికినచో నోటితో ఊదరాదు; చేతికంటినచో చన్నీళ్లతో కడుగవలెను, వేన్నీళ్లు దానిని మఱింత అంటించును.

ఇంత చేసినను ప్రతిమాఱును ఒకేచోట కాగితము నిలుచుచున్నచో అక్కడి మీట విఱిగినదని గాని, వేడి రోలరు చెడినదని గాని తలపవలెను. అది మన చేతిపని కాదు, తెలిసినవానిని పిలువవలెను.

పోయిన సంక్రాంతికి ముందు సంతలో ఆ వృద్ధుడు నాకు కనబడెను. ఆనాడు కాగితమును చింపినవాడను నేనని చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఆ రెండో కాలేజీలోనే బాగా సదువుకుంది లెండి బాబూ" అనెను. పిదప బెల్లము ధర ఎట్లున్నదని నన్నడిగెను.

ఇక సెలవు.