ఒక్క పన్ను పలికినంత

పట్టా అందుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

మన ములకలపల్లి నుంచి కొత్తగూడెం వైపు పోతే బొగ్గు గనులు. ఆ బొగ్గు వయసు 25 కోట్ల ఏళ్లకు పైమాటే. గోదావరి లోయ వెంట ఇంకా ఎగువకు, ఆసిఫాబాద్, ప్రాణహిత వైపు నడిస్తే వయసులో చిన్నవైన రాళ్లు బయటపడతాయి. వాటిలో కోటా పొరలు సుమారు 18 కోట్ల ఏళ్లనాటివి. అక్కడ దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. దాని ముందు మీలో కొందరు ఫొటో దిగే ఉంటారు. అవే పొరల్లో దొరికిన ఓ చిన్న ప్రాణి గురించి మాత్రం వినుండరు.

పేరు కోటాథీరియం హాల్డేనీ. 1981లో పి.ఎం. దత్తా దాన్ని భారతదేశపు తొలి జురాసిక్ క్షీరదంగా ప్రకటించారు. అందుకు ఆధారం పైదవడ పన్ను. పుర్రె లేదు, వెన్నెముక లేదు, నాలుగు కాళ్లలో ఒక్క ఎముకా లేదు.

మరి ఎలా చెప్పగలిగారు? ఒంట్లోకెల్లా గట్టిది పంటి ఎనామిల్. ఎముకలు మట్టిలో కలిసిపోయినా అది నిలుస్తుంది. పైగా క్షీరదాల దవడపళ్ల మీది మొనలు ఏ జాతికి ఆ జాతివే. ఈ పంటి మీద ముఖ్యమైన మొనలు త్రికోణంగా అమరి ఉన్నాయి. ఆ అమరికే దాని బంధువులెవరో చూపింది. దాని వరస ఏదన్న చర్చ తర్వాత కూడా సాగింది. ఆ పంటిని చూసి తోక పొడవు, బొచ్చు రంగు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆధారం ఉన్నంతే మాట్లాడిన ఆ నిగ్రహమంటే నాకెంతో గౌరవం. మీ చదువు నుంచి నేను ఆశించేదీ అదే.

ఆ ప్రాణి పేరులోని హాల్డేన్ 1957లో మన దేశానికొచ్చి ఇక్కడే స్థిరపడిన జీవశాస్త్రవేత్త. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూస్తే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.

మీలో చాలామంది మళ్లీ ఈ ఊళ్లలోనే టీచర్లుగా, సింగరేణి ఉద్యోగులుగా, రైతులుగా ఉంటారు. బావి తవ్వేటప్పుడో, రోడ్డు కోసం గుట్ట కోసేటప్పుడో రాతిలో ఆకు అచ్చో, ఎముకలాంటిదో కనిపిస్తే పగలగొట్టనివ్వకండి. ఫొటో తీయండి, ఏ చోట ఎంత లోతులో ఉందో రాసుకోండి, హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ కార్యాలయానికి తెలపండి.